గేటు గది ప్లాను

ఇక్కడ మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆదివారం ఆరాధనకు సగం మందే వస్తున్నారు. రానివారిని తప్పు పట్టడానికి కాదు ఈ ఉత్తరం. ఈసారి తప్పు నాది. ఒక చిన్న గదికి ప్లాను గీయబోయి ఆ తప్పు తెలుసుకున్నాను. మొన్న మందిరంలో ఉన్నవారికి క్లుప్తంగా చెప్పాను. లేనివారికి కూడా తెలియాలని వివరంగా రాస్తున్నాను.

క్రితం వేసవిలో వీబీఎస్ పిల్లలతో అట్టతో నోవహు ఓడ చేయించాం, గుర్తుందా? ఆదికాండం ఆరో అధ్యాయంలో కొలతలు ఉండనే ఉన్నాయి. 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. మూరకు ఒక మిల్లీమీటరు అనుకోమన్నాను. పిల్లల స్కేలు పొడవుకు ఓడ అతికినట్టు సరిపోయింది. ఓడ అయ్యాక ఏడో తరగతి చదివే ఒక పాప లేచి, "అయ్యగారూ, ఈసారి మీ గేటు గది చేద్దామండీ. మీరు ఎప్పుడూ చెప్తారుగా, కిటికీ లేని గది" అంది.

ఆ గది సంగతి మీలో వినని వారుండరు. మా నాయన గుంటూరు-గుంతకల్లు లైనులో రైల్వే గేటుమన్. నేను పుట్టింది, పదో తరగతి దాకా పెరిగింది ఆ గేటు గదిలోనే. ఆ ఒక్క గదే డ్యూటీ, ఆ ఒక్క గదే ఇల్లు. నా సాక్ష్యం ఎప్పుడూ అక్కడే మొదలయ్యేది. "కిటికీ కూడా లేని గదిలో పెరిగాను. నా తండ్రి రాత్రిళ్లు ఇంట్లో ఉండేవాడు కాదు, బయటే కూర్చునేవాడు. తండ్రి పక్కన పడుకున్న జ్ఞాపకం నాకు లేదు. పరలోకపు తండ్రి నన్ను దగ్గరికి తీసుకున్నాడు" అని చెప్పేవాణ్ణి. కూటాల్లో ఆ మాట దగ్గర తల్లులు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. ఇరవై ఏళ్లుగా అలాగే చెబుతున్నాను.

పిల్లలకు సరేనన్నాను. ఓడకు కొలతలు దేవుడే ఇచ్చాడు. మరి గేటు గదికి ఎవరిస్తారు? ఆ గది ఇప్పుడు లేదు. గేటు తీసేసి రోడ్డును లైను కిందనుంచి పోనిచ్చినప్పుడు గదిని కూడా పడగొట్టారు. నాయన పోయి పద్నాలుగేళ్లయింది.

కాగితం ముందు పెట్టుకుని జ్ఞాపకం మీద గీద్దామని కూర్చున్నాను. తలుపు ఎడమకా, కుడికా? రైలు వైపు గోడ పొడవెంత? ఏదీ తేలలేదు. పదహారేళ్లు ఉన్న ఇల్లు నాలుగు గీతలుగా గీయలేకపోయాను.

గుంటూరులో రైల్వే డ్రాయింగు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక సహోదరుణ్ణి అడిగాను. అసలు ప్లాను ఎక్కడైనా దొరుకుతుందా అని. ఆయన నవ్వాడు. "అయ్యగారూ, ఈ లైను మొదట సదరన్ మరాఠా రైల్వేది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అయింది, 1951లో సదరన్ రైల్వే అయింది, 1966లో దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. గుంటూరు డివిజను పెట్టింది 2003లో. ఇన్ని చేతులు మారితే గేటు గది కాగితం ఎక్కడని వెతుకుతాం?" అన్నాడు. పనికొచ్చే మాట ఆ తర్వాత చెప్పాడు. స్టేషను మాస్టరు దగ్గర స్టేషన్ వర్కింగ్ రూల్స్‌తో పాటు ఒక ప్లాను ఉంటుందట. అందులో పట్టాలు, పాయింట్లు, సిగ్నళ్లు, ఏది ఎంత దూరంలో ఉందో ఉంటాయి గానీ గోడలూ తలుపులూ దొరకవు. ఇక గేటు గదుల్లాంటి చిన్న కట్టడాలకు ఒక్కొక్క దానికీ వేరే ప్లాను గీయరు. ఒకే టైపు డ్రాయింగు పెట్టుకుని లైను పొడవునా అదే కడతారు. "మీ గది ప్లాను కోసం తిరగకండి. దాని తోబుట్టువు ఎక్కడైనా నిలిచి ఉందేమో చూడండి. దొరికితే కొలుచుకోండి" అన్నాడు.

ఆ లోపు నా దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం బయటికి తీశాను. 1984లో నరసరావుపేట నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు తీసిన నలుపు తెలుపు ఫొటో. నాయన గేటు గది గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చంకలో చుట్టిన జెండాలు.

ఫొటో నుంచి కొలతలు తీసే పద్ధతి ఒకటుంది. తెలిసిన కొలత ఒక్కటి ఫొటోలో ఉంటే చాలు, మిగతావన్నీ దాన్నిబట్టి వస్తాయి. కాకపోతే అది గోడకు ఆనుకునే ఉండాలి. నాలుగడుగులు ముందుకు నిలబడిన మనిషి కెమెరాకు పెద్దగా కనిపిస్తాడు, అతనితో కొలిస్తే గోడ పొట్టిదైపోతుంది. మా నాయన గోడకే ఆనుకున్నాడు. ఆయన సర్వీసు కాగితాల్లో ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలని ఉంది, అంటే 64 అంగుళాలు. ఫొటోలో స్కేలు పెడితే ఆయన 32 మిల్లీమీటర్లున్నాడు. మిల్లీమీటరుకు రెండంగుళాలు. అరుగు దగ్గర్నుంచి చూరు దాకా గోడ 54 మిల్లీమీటర్లు, అంటే 108 అంగుళాలు. తొమ్మిదడుగుల గోడ. నాయనే నాకు కొలకర్ర అయ్యాడు. సంతోషంగా రాసుకున్నాను.

నాయన వీపు వెనక గోడ మీద తెల్లటి చతురం ఒకటి ఉంది. గేటు నంబరు రాయడానికి సున్నం కొట్టిన చోటు అనుకున్నాను.

తోబుట్టువు దొరకడానికి రెండు నెలలు పట్టింది. మీకు తెలుసు, గుంటూరు నుంచి గుంతకల్లు దాకా సుమారు 400 కిలోమీటర్ల లైనుకు రెండో లైను వేస్తున్నారు. పాత కట్టడాలు ఒక్కొక్కటే పోతున్నాయి. వినుకొండ దాటాక దొనకొండ వైపు బండి మీద పోతూ ఒక గేటు దగ్గర ఆగాను. ఎర్ర ఇటుక, బెంగుళూరు పెంకులు, అదే గది. స్టేషను మాస్టరుగారి అనుమతి తీసుకుని మరో రోజు టేపుతో వెళ్లాను.

కొలవడంలో కూడా ఒక క్రమం ఉంది, పిల్లలకు నేర్పుతున్నాను కాబట్టి రాస్తున్నాను. మూల నుంచి తలుపు దాకా ఒకసారి, తలుపు వెడల్పు ఒకసారి, అక్కణ్ణుంచి కిటికీ దాకా ఇంకోసారి, ఇలా ముక్కలుగా కొలిచి కలపకూడదు. ప్రతి ముక్కలో పావంగుళం తప్పు వచ్చినా చివరికి అంగుళమైపోతుంది. టేపు ఒక మూలన పట్టించి వదలకుండా లాగి, ఒక్కొక్క అంచు ఆ మూలనుంచి ఎంతో రాసుకోవాలి. తర్వాత ఎదురెదురు మూలలు రెండూ కొలవాలి. ఆ గది బయటికి 12 అడుగుల 3 అంగుళాల చతురం. లోపల పదడుగులు, గోడ మందం ఇటున్నర, పదమూడున్నర అంగుళాలు. అలాంటప్పుడు మూల నుంచి ఎదురు మూలకు 17 అడుగుల 4 అంగుళాలు రావాలి. ఒకటి సరిగ్గా వచ్చింది, రెండోది అంగుళం ఎక్కువ వచ్చింది. కట్టిన మేస్త్రీ కూడా మనలాంటివాడే.

ఇటుక వరసలు లెక్కపెట్టాను. పది వరసలకు సున్నంతో కలిపి 33 అంగుళాలు. చూరు దాకా 32 వరసలు. అంటే 105న్నర అంగుళాల పైన ఉంది. నాయన్ని బట్టి వచ్చింది 108. రెండంగుళాల పైగా తేడా! ఏది తప్పు? ఇటుక తప్పు చెప్పదు. ఆలోచిస్తే తెలిసింది, ఫొటోలో నాయన నిటారుగా లేడు. గోడకు ఒరిగి, మోకాళ్లు కాస్త సడలించి నిలబడ్డాడు. లెక్క వెనక్కి వేస్తే అంగుళంన్నర కిందికి జారి ఉన్నాడు. రాత్రంతా మేలుకున్న మనిషిని పొద్దున ఫొటోకు నిలబెడితే అలాగే ఉంటాడు. ఇన్నేళ్లు ఆ ఫొటో చూశాను గానీ ఆయన అలసిపోయి ఉన్నాడన్న సంగతి నాకు ఇటుకలు చెప్పాల్సి వచ్చింది.

ఇంకొకటి. ఆ గదికి రైలు వైపు గోడలో కిటికీ ఉంది. 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు.

అక్కడి గేటుమన్ తమ్ముడు నా ప్రశ్నలకు జవాబిస్తూనే ఫోనులో స్టేషనుతో ప్రైవేటు నంబరు మార్చుకుని, గేటు వేసి, పచ్చ జెండా పట్టుకుని నిలబడి, గూడ్సును పంపించి వచ్చాడు. "మా గదికి కిటికీ లేదు తమ్ముడూ" అన్నాను. అతను నా వంక వింతగా చూశాడు. "కిటికీ లేకుండా గేటు గది ఎట్లా కడతారండీ? లోపల కూర్చున్నవాడికి లైను కనపడొద్దా? కిటికీ లేకపోతే రాత్రంతా బయట కూర్చోవాల్సిందే" అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. బండి తోలుకుంటూ ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

ఆ రాత్రి ఫొటోను ఫోనుతో తీసి పెద్దది చేసి, కింద నుంచి ఇటుక వరసలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. తెల్ల చతురానికి సరిగ్గా పైన ఇటుకలు పడుకుని లేవు. పక్కపక్కన నిలువుగా, కొద్దిగా వంపు తిరిగి ఉన్నాయి. అది ఆర్చి. నిండు గోడలో ఆర్చి ఎవరూ కట్టరు. కింద ఖాళీ ఉన్నచోటే పై బరువు మొయ్యడానికి కడతారు. చతురాన్ని కొలిచాను. 18న్నర మిల్లీమీటర్లు, 15న్నర మిల్లీమీటర్లు. సరిచేసిన లెక్కతో 36 అంగుళాలు, 30 అంగుళాలు. అది సున్నం కొట్టిన బోర్డు కాదు. మూసేసిన కిటికీ. మా నాయన దానికే ఆనుకుని నిలబడ్డాడు.

తెల్లారి అమ్మ దగ్గరికి వెళ్లాను. పక్కింటివాళ్ల మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంది. ఫొటో చూపించాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది.

"కిటికీ ఉండేది నాన్నా. నీకు మూడో నెలప్పుడు మూశాడు మీ నాయన."

"ఎందుకమ్మా?"

"అప్పుడన్నీ పొగబండ్లు కదా. కిటికీకీ పట్టాలకూ మధ్య ఎంత దూరముందని? ఓ రాత్రి గూడ్సు పోతుంటే రవ్వ వచ్చి నీ ఉయ్యాల గుడ్డ మీద పడింది. గుడ్డ కాలి ఇంత చిల్లి పడింది. నీ కాలికి జానెడు దూరం. పొద్దున్నే నూనె డబ్బా కోసి రేకు కొట్టాడు. లోపల మట్టి మెత్తాడు, బయట సున్నం కొట్టాడు. ఇక ఆ రాత్రి నుంచి బయటే. లోపలుంటే బండి కనపడదుగా. పుష్యమాసం చలిలో కూడా గొంగడి కప్పుకుని బయటే కూర్చునేవాడు."

మన వైపు మీటరు గేజి లైను మీద ఆవిరి ఇంజన్లు పోయాయి, 1990ల్లో బ్రాడ్ గేజి వచ్చింది. అప్పుడైనా తెరవొచ్చు కదా అని అడిగాను.

"నేనూ అన్నాను. అప్పటికి నువ్వు చదువుకుంటున్నావు. రైలు గాలికి నీ దీపం ఆరిపోతుందని వద్దన్నాడు."

"నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?"

అమ్మ మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. "నువ్వు ఎప్పుడడిగావురా?" అంది.

ప్రియులారా, నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ నా తండ్రి గురించి ఇరవై ఏళ్లు మందిరాల్లో తప్పు సాక్ష్యం చెప్పాను. కిటికీ లేదన్నది నిజమే. ఆయన లోపలికి రాలేదన్నదీ నిజమే. ఆ రెండింటికీ ఉన్న కారణం నేను తెలుసుకోలేదు. తెలుసుకోకుండానే ఆయన ప్రేమలేని మనిషని తీర్పు తీర్చి, ఆ తీర్పును దేవుని మహిమకని వాడుకున్నాను. నా పరలోకపు తండ్రి ప్రేమ పెద్దదని చూపించడానికి ఈ తండ్రి ప్రేమను చిన్నది చేయాల్సిన పని లేదు.

సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో యెహెజ్కేలు 40వ అధ్యాయం నుంచి వచ్చే కొలతలంటే నాకు కునుకు పట్టేది. ద్వారం ఇన్ని మూరలు, గది ఇన్ని మూరలు. ఇప్పుడు మళ్లీ చదివాను. ఆ కొలతలు చూపించే సమయానికి పట్టణం కూలి పద్నాలుగో ఏడు. మందిరం లేదు. ప్రజలు పరదేశంలో చెరలో ఉన్నారు. అలాంటి చోట ఒకడు దారమూ కొలకర్రా పట్టుకుని ప్రవక్త ముందు ద్వారాలు, గోడలు, గదులు ఓపికగా కొలుస్తాడు. 43వ అధ్యాయంలో దేవుడు ఎందుకో చెబుతాడు. ప్రజలు తమ దోషాల విషయం సిగ్గుపడేలా ఈ మందిరాన్ని వారికి చూపించు, వారు దాని నమూనాను కొలవాలి అని. కొలిస్తే సిగ్గెందుకొస్తుందో ఆ తరగతి గదిలో నాకు అర్థం కాలేదు. ఆ ఫొటో మీద స్కేలు పెట్టిన రాత్రి అర్థమైంది. ఊరికే తలుచుకునేటప్పుడు మనకు కావలసినట్టు తలుచుకుంటాం. కొలిచేటప్పుడు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి.

మొన్న ఆదివారం ఇదంతా సంఘం ముందు ఒప్పుకున్నాను. అమ్మ ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది.

ఇక పిల్లల పని. ప్లాను గీశాం. పాత కట్టడమంతా అడుగులూ అంగుళాల్లో ఉంది కాబట్టి అడుగుకు పావంగుళం లెక్క పెట్టాం, అంటే అసలులో 48వ వంతు. గది మూడంగుళాల పైచిలుకు చతురమైంది. పట్టాల మధ్య మీటరు గేజి 21 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఇప్పటి బ్రాడ్ గేజి అయితే దాదాపు 35 వచ్చేది. పాత శుభలేఖల అట్టలు గోడలయ్యాయి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీస్తే ఇటుక వరసలు వచ్చాయి. వరసకూ వరసకూ మధ్య రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. చేయి వణకని పిల్లలకే ఆ పని ఇచ్చాం. పార్సిలు పెట్టెల అట్ట పైపొర ఒలిస్తే లోపలి గీతలు బెంగుళూరు పెంకుల్లా కనిపించాయి. పత్తి కట్టెతో గేటు కర్ర.

కిటికీ దగ్గర పిల్లల మధ్య తగువు వచ్చింది. ప్లానులో ఉంది కాబట్టి పెట్టాలని కొందరు, అయ్యగారి చిన్నప్పుడు లేదు కాబట్టి వద్దని కొందరు. చివరికి ఆ ఏడో తరగతి పాపే తీర్పు చెప్పింది. "ముందు కిటికీ కోద్దాం. తర్వాత రేకు కొట్టి మూసేద్దాం. తాతగారు అట్లాగే చేశారుగా" అంది. అలాగే చేశాం. పైన ఆర్చి ఇటుకలు నిలువుగా గీశాం. పక్కన అంగుళంన్నర కంటే కాస్త పొట్టిగా బంకమట్టితో నాయన బొమ్మ చేసి, గొంగడి కప్పి బయట కూర్చోబెట్టాం.

బొమ్మ మందిరంలో బైబిలు బల్ల పక్కన ఉంది. మొన్న అమ్మ వచ్చి చాలాసేపు చూసింది. బాగుందంటుందేమో అనుకున్నాను. "మీ నాయన ఆ పక్క కాదురా కూర్చునేది, ఈ పక్క. ఆ పక్కకు గాలి కొడుతుంది" అని తన చేత్తోనే బొమ్మను తీసి ఇవతల పెట్టింది. ప్లానులో కూడా మార్చాను.

మీ ఊళ్లలో కూడా పాత ఇళ్లు పోతున్నాయి. పడగొట్టేముందు ఒక టేపు, ఒక నోటు పుస్తకం పట్టుకుని ఒక్క పూట కేటాయించండి. ఇల్లు ఇప్పటికే పోయి ఉంటే, గోడకు ఆనుకుని ఎవరైనా నిలబడిన ఫొటో ఉందేమో వెతకండి. గీస్తూ గీస్తూ అర్థంకాని చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆగి, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు ఉండగానే అడగండి.

తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను మనం బ్రతికి ఉన్నవారికే కాదు, వెళ్లిపోయినవారికి కూడా చెల్లించగలిగేలా ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.

క్రీస్తు ప్రేమలో,
మీ పాస్టరు